దవడ పన్నుకూ ముందు పన్నుకూ ఒకే రకం క్యాప్ సరిపోతుందా?

మీరు రాసినదాని సారాంశం ఇది. కింది దవడలో ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్నుకు 3 వారాల క్రితం రూట్ కెనాల్ చేశారు, ప్రస్తుతం అందులో తాత్కాలిక సిమెంటు ఉంది. లోహం మీద సెరామిక్ (పింగాణీ) వేసిన క్యాప్, 5 ఏళ్ళ వారంటీ ఉన్న జిర్కోనియా (లోహం లేని గట్టి తెల్లని పదార్థం), 15 ఏళ్ళ వారంటీ ఉన్న జిర్కోనియా అంటూ క్లినిక్‌లో మూడు ధరలు చెప్పారు. చిన్నప్పుడు బడిలో పడి దెబ్బ తగలడంతో నల్లబడిన పై ముందు పన్ను కూడా ఒకటి ఉంది, దానికి ఎప్పుడో రూట్ కెనాల్ అయింది. ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కనుక రెండింటికీ అన్నిటికన్నా ఖరీదైన జిర్కోనియానే వేయించుకుంటే మంచిదా అని అడిగారు. లోహం ఉన్న క్యాప్ వేస్తే చిగురు నల్లబడుతుందని మీ స్నేహితురాలు అన్నారనీ రాశారు. నిద్రలో పళ్ళు కొరుకుతారని ఇంట్లోవాళ్ళు అంటుంటారని చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ, నా వరకు మీ ప్రశ్నలో అన్నిటికన్నా విలువైన సమాచారం అదే.

నేను కృత్రిమ దంతాలు, క్యాపుల విభాగంలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మీ నోరు చూడకుండా, ఎక్స్‌రే చూడకుండా ఖాయంగా ఏదీ చెప్పలేను గానీ, నా అభిప్రాయం స్థూలంగా ఇది: ఈ రెండు పళ్ళకూ ఒకే క్యాప్ తగదు. దవడ పన్నుకు పైన సెరామిక్ పొర లేని గట్టి రకం జిర్కోనియా, లేదా మీకు అభ్యంతరం లేకపోతే పూర్తి లోహపు క్యాప్ సరిపోతాయి. ముందు పన్నుకు అసలు క్యాపే అవసరం లేకపోయే అవకాశం ఉంది. వారంటీ కార్డు మీద ఉన్న ఏళ్ళ సంఖ్యను చూసి నిర్ణయించుకోవద్దు. ఎందుకో వివరంగా చెబుతాను.

క్యాప్ ఎంతకాలం నిలుస్తుందనేది మొదట దాని కింద మిగిలిన పన్ను మీద ఆధారపడి ఉంటుంది, పైన వేసే పదార్థం సంగతి ఆ తరువాతే. నరం తీసేయడం వల్ల పన్ను ఎండిపోయి పెళుసుబారుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి పుచ్చు తినేయడం వల్ల, లోపలి కాలువలకు దారి చేయడం వల్ల పన్ను గోడలు, పైకప్పు పోవడమే బలహీనతకు ప్రధాన కారణం. నమిలేటప్పుడు మిగిలిన గోడలు ప్రతిసారీ కొద్దిగా బయటికి వంగుతాయి, కొన్ని నెలల తరువాత ఒకరోజు గట్టి వక్క ముక్కో ఎముకో పంటి కింద పడితే నిలువునా చీలుతాయి. చీలిక వేరులోకి దిగితే ఆ పన్నును తీసేయడం తప్ప మార్గం ఉండదు. రూట్ కెనాల్ తరువాత క్యాప్ వేయని పళ్ళు, వేసినవాటికన్నా దాదాపు 6 రెట్లు ఎక్కువగా చేజారిపోయాయని 2002లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. కనుక దవడ పన్నుకు క్యాప్ కావాలా వద్దా అన్న విషయంలో తటపటాయింపు అక్కరలేదు. గోడలన్నీ గట్టిగా ఉండి, లోపలికి చేసిన దారి మాత్రమే చిన్నదిగా ఉంటే పై భాగాన్ని మాత్రమే కప్పే ఆన్‌లే వంటివి కూడా ఆలోచించవచ్చు, కానీ పళ్ళు కొరికే అలవాటు ఉన్న మనిషికి నేను పూర్తి క్యాప్ వైపే మొగ్గుతాను.

ఆ తరువాతి ప్రశ్న, మిగిలిన పన్ను క్యాప్‌ను పట్టుకునేంత ఉందా అనేది. చిగురుకు పైన, క్యాప్ అంచు లోపల, చుట్టూ కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తున మీ సొంత పన్ను గోడ ఉండాలి. వైద్యుడు సిమెంటుతోనో, పన్ను రంగులో ఉండే నింపుడు పదార్థం కాంపోజిట్‌తోనో కట్టిన భాగం ఈ లెక్కలోకి రాదు. ఈ చుట్టుగోడ ఉన్నప్పుడు క్యాప్ పన్నును అన్నివైపుల నుంచి బిగించి పట్టుకుని, నమిలే బలాన్ని వేరు అంతటికీ పంచుతుంది. అది లేనప్పుడు బలమంతా లోపలి పోస్టు (వేరులోకి దింపే కడ్డీ) మీదా సిమెంటు మీదా పడి, క్యాప్ పోస్టుతో సహా ఊడి చేతిలోకి రావడమో, వేరు పగలడమో జరుగుతుంది. చెక్కిన తరువాత దవడ పన్ను మొత్తం ఎత్తు కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలని, ఎదురెదురు గోడల మధ్య వాలు 10 నుంచి 20 డిగ్రీలకు మించకూడదని మేము విద్యార్థులకు నేర్పుతాం. మనవాళ్ళలో కింది దవడ పళ్ళు పొట్టిగా ఉండడం నేను తరచుగా చూస్తుంటాను; అలాంటి పన్నును మరీ కోసుగా చెక్కితే ఎంత ఖరీదైన క్యాప్ అయినా నిలవదు. కాబట్టి మీరు వైద్యుణ్ణి మొదట అడగవలసింది క్యాప్ రకం గురించి కాదు, చుట్టూ ఎంత పన్ను మిగిలిందో, ఏ వైపు తక్కువగా ఉందో చూపించమని అడగండి. తక్కువైతే చిగురును, అవసరమైతే కొద్దిగా ఎముకను సరిచేసి పన్నును పైకి తేల్చే చిన్న శస్త్రచికిత్స ఉంది. దానికయ్యే ఖర్చు రెండు రకాల జిర్కోనియాల మధ్య తేడాకన్నా ఎక్కువ ప్రయోజనం ఇస్తుంది.

ఇక పదార్థాల విషయానికి వస్తే, మీకు ఎవరూ చెప్పని పూర్తి లోహపు క్యాప్‌తో మొదలుపెడతాను. ఇప్పుడు క్లినిక్‌లలో దాని పేరెత్తడమే మానేశారు, రోగులూ అడగరు. అయినా, నవ్వినప్పుడు కనిపించని వెనుక దవడ పళ్ళకు దానికి సాటి రావడం కష్టం. లోహం సన్నగా ఉన్నా పగలదు, అంచులో అర మిల్లీమీటరు మందం చాలు, పైభాగంలో 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు చెక్కితే సరిపోతుంది కనుక పన్ను ఎక్కువ మిగులుతుంది. పొర ఊడడం అనే సమస్యే లేదు. మేలిమి మిశ్రమ బంగారంతో చేస్తే ఎదుటి పన్నును దాదాపు సహజ పన్నులాగే అరగదీస్తుంది, కాకపోతే ఈనాటి బంగారం ధరలో ఎవరికీ ఆ మాట చెప్పలేం. మీది మొదటి దవడ పన్ను, మాట్లాడేటప్పుడు కొంత కనిపిస్తుంది కనుక మీకు నచ్చకపోవచ్చు. అదే రెండో దవడ పన్ను అయితే నేను కాస్త గట్టిగానే నచ్చజెప్పేవాణ్ణి.

లోహం మీద సెరామిక్ వేసిన క్యాప్‌కు అమెరికాలో పేటెంటు 1962లో వచ్చింది. అప్పటినుంచి ప్రపంచమంతటా కోట్లాది నోళ్ళలో పనిచేసిన ఈ రకాన్ని పాతబడిందని తీసిపారేయడం సరికాదు. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో లోహ సెరామిక్ క్యాపులలో 5 ఏళ్ళకు 94.7 శాతం నిలిచి ఉన్నాయి. అదే సమీక్షలో గ్లాస్ సెరామిక్ (గాజు కలిసిన సెరామిక్) క్యాపులు 96.6 శాతం, జిర్కోనియా క్యాపులు 92.1 శాతం నిలిచాయి. జిర్కోనియా వెనుకబడిందేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. అప్పటి జిర్కోనియా క్యాపులలో ఎక్కువ శాతం లోపల జిర్కోనియా చట్రం, పైన మెత్తని సెరామిక్ పొర ఉన్నవి. ఆ పై పొర పెచ్చులూడడమే వాటి ప్రధాన లోపం. లోహ సెరామిక్‌లోనూ అదే బలహీనత ఉంది. పైన ఉండే పింగాణీ 100 మెగాపాస్కళ్ళ (బలాన్ని కొలిచే ప్రమాణం) లోపు బలానికే వంగి విరిగే పదార్థం, కింద లోహం ఆసరాగా ఉన్నందువల్లే నిలుస్తుంది. పళ్ళు కొరికే మనిషిలో మొదట ఊడేది ఆ పొరే. పైగా లోహానికీ, దాన్ని కప్పే తెల్లని పొరకూ, రంగు పొరకూ చోటు కావాలి కాబట్టి పైభాగంలో 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు చెక్కాలి. పొట్టి పన్నుకు అది పెద్ద నష్టం.

చిగురు నల్లబడుతుందని మీ స్నేహితురాలు అన్న మాటలో సగమే నిజం. లోహ సెరామిక్ క్యాప్ అంచులో సన్నని లోహపు గీత ఉంటుంది, చిగురు పలుచగా ఉన్నా, వయసుతో కిందికి జారినా అది బూడిదరంగులో కనిపిస్తుంది. దవడ పన్నుకు అది అందానికి సంబంధించిన విషయమే తప్ప రోగం కాదు. అసలు అడగవలసిన ప్రశ్న ఏ లోహం అనేది. మన దగ్గర తక్కువ ధరకు వచ్చేవి చాలావరకు నికెల్ క్రోమియం మిశ్రమాలు. గిల్టు నగలు పెట్టుకుంటే చెవులకు పుండ్లు పడేవారు, గడియారం గొలుసు తగిలిన చోట దురద వచ్చేవారు ఆ సంగతి ముందుగానే వైద్యుడికి చెప్పి, కోబాల్ట్ క్రోమియం గానీ లోహం లేని రకం గానీ వేయించుకోవాలి. బెరీలియం కలిసిన మిశ్రమాలు మీకన్నా ఎక్కువగా వాటిని అరగదీసి దుమ్ము పీల్చే ల్యాబ్ పనివారికి ప్రమాదకరం. బెరీలియం లేనిదే వాడండి అని మీరు అడిగితే వారికీ మేలు చేసినవారవుతారు.

జిర్కోనియా గురించి అందరికీ తెలిసింది అది గట్టిదని. ఎందుకు గట్టిదో తెలిస్తే, ఆ పేరుతో అమ్మే వాటి మధ్య ఎంత తేడా ఉందో అర్థమవుతుంది. జిర్కోనియం ఆక్సైడ్‌లో సుమారు 3 మోల్ శాతం (అణువుల లెక్కన శాతం) యిట్రియా అనే మరో ఆక్సైడ్ కలిపితే, మామూలు ఉష్ణోగ్రతలో నిలవకూడని ఒక స్ఫటిక రూపం నిలిచిపోతుంది. అందులో పగులు మొదలైతే పగులు కొన దగ్గరి స్ఫటికాలు రూపం మార్చుకుని 4 శాతం వరకు ఉబ్బి పగులును నొక్కి మూసేస్తాయి. ఈ గుణం వల్లనే ఆ రకం 1000 మెగాపాస్కళ్ళకు పైబడిన బలాన్ని తట్టుకుంటుంది. అయితే అది సుద్దలా తెల్లగా, కాంతి చొరబడకుండా ఉంటుంది. అందం కోసం తయారీదారులు యిట్రియాను 5 మోల్ శాతానికి పెంచారు, దాంతో కాంతి బాగా ప్రసరించే పారదర్శక రకం వచ్చింది, కానీ పగులును మూసే గుణం దాదాపు పోయి బలం సగానికి పడిపోయింది. రెండింటినీ దుకాణంలో, బ్రోచర్లో, వారంటీ కార్డు మీద ఒకే పేరుతో జిర్కోనియా అనే పిలుస్తారు. కొన్ని సంస్థలలో ఎక్కువ ధర పలికేది ఈ పారదర్శక రకమే. అంటే మీరు ఎక్కువ డబ్బు పెట్టి, కొరికే అలవాటున్న నోట్లో, దవడ పన్నుకు, తక్కువ బలమున్న పదార్థాన్ని కొనుక్కునే అవకాశం ఉంది. కనుక మీ వైద్యుణ్ణి రెండు విషయాలు అడగండి: ఇది మొత్తం ఒకే ముక్కగా మరలో చెక్కినదా, పైన సెరామిక్ పొర వేసినదా, 3 శాతం యిట్రియా రకమా, 5 శాతమా, ఆ మధ్యలో 4 శాతం రకమా. ల్యాబ్‌కు ఫోను చేస్తే నిమిషంలో తెలిసే సమాధానం ఇది. మీ దవడ పన్నుకు పొర లేని 3 లేదా 4 శాతం రకం నా ఎంపిక. పైభాగంలో ఒక మిల్లీమీటరు చోటు ఉంటే చాలు గనుక పొట్టి పన్నుకు కూడా అనుకూలం.

అంత గట్టి పదార్థం ఎదుటి పన్నును అరగదీయదా అని తరువాత మీకు అనుమానం రావాలి. పరిశోధనలు చెప్పేది కొంత ఆశ్చర్యకరంగా ఉంటుంది. అద్దంలా నునుపు చేసిన జిర్కోనియా ఎదుటి ఎనామిల్‌ను లోహ సెరామిక్ పై పింగాణీ కన్నా తక్కువగానే అరగదీస్తుంది. నునుపు చేయకుండా పైన గ్లేజ్ (గాజులాంటి మెరుపు పూత) మాత్రమే పూసినది, గ్లేజ్ అరిగాక లోపలి గరుకుతో పన్నును తినేస్తుంది. అసలు ప్రమాదం క్యాప్ పెట్టే రోజున జరుగుతుంది. బైట్ (పళ్ళు కలిసే తీరు) ఎత్తుగా ఉందని వైద్యుడు డ్రిల్లుతో రెండు మూడు చోట్ల గీకి, మళ్ళీ నునుపు చేయకుండా అతికించి పంపేస్తే, ఆ గీకిన చోటు మీరు నిద్రలో పళ్ళు కొరికిన ప్రతిసారీ పై పన్ను మీద గరుకు కాగితంలా పనిచేస్తుంది. జిర్కోనియా నునుపు చేసేందుకు వజ్రపు పొడి కలిసిన ప్రత్యేక రబ్బరు చక్రాలు ఉంటాయి. గీకిన తరువాత వాటితో పాలిష్ చేశారా అని నిస్సంకోచంగా అడగండి, అడిగితే చిన్నబుచ్చుకునే వైద్యుడు అరుదు.

లిథియం డైసిలికేట్ అనే గ్లాస్ సెరామిక్‌ను, అంటే మార్కెట్లో ఈమాక్స్ పేరుతో ఎక్కువగా తెలిసినదాన్ని, దవడ పళ్ళకు కూడా వాడతారు. పైన చెప్పిన 96.6 శాతం అంకె ఆ కోవ పదార్థాలదే. కానీ దాని బలం 400 నుంచి 500 మెగాపాస్కళ్ళ ప్రాంతంలో ఉంటుంది, దవడ పన్నులో సుమారు 1.5 మిల్లీమీటర్ల మందం కోరుతుంది. కొరికే అలవాటు లేని, ఎత్తైన పన్ను ఉన్న మనిషికి బాగుంటుంది. మీకు దాన్ని సూచించను.

ఇప్పుడు ముందు పన్ను సంగతి. ఇక్కడ మీ తొందరను కాస్త ఆపాలనుకుంటున్నాను. రూట్ కెనాల్ చేసిన ప్రతి పన్నుకూ క్యాప్ వేయాలన్న సూత్రం దవడ పళ్ళకు వర్తించినట్టు ముందు పళ్ళకు వర్తించదు. ముందు పన్ను ఆహారాన్ని తుంచుతుంది గానీ నూరదు, దాని గోడలు విడిపోయేలా బలం పడదు. పెద్దగా పుచ్చు లేని ముందు పన్నుకు క్యాప్ వేసినందువల్ల అది ఎక్కువకాలం నిలుస్తుందన్న ఆధారం లేదని 1984లోనే ఒక పరిశోధన చూపింది. పైగా పూర్తి క్యాప్ కోసం ముందు పన్నును చెక్కితే, పైకి కనిపించే పన్నులో 63 నుంచి 72 శాతం వరకు పోతుందని 2002 నాటి మరో పరిశోధన తూచి మరీ చెప్పింది. వెనీర్ (పన్ను ముందు వైపు మాత్రమే అతికించే పలుచని పొర) వంటివాటికి పోయేది 3 నుంచి 30 శాతమే. అంటే నలుపు పోగొట్టడం కోసం పన్నులో మూడింట రెండు వంతులు ఇచ్చేస్తాం. చెక్కాక మిగిలే సన్నని ముక్క మధ్యలో ఇప్పటికే రూట్ కెనాల్ దారి ఉంటుంది కనుక అది మెడ దగ్గర విరిగే ప్రమాదం కొత్తగా తెచ్చుకున్నట్టవుతుంది, ఆ భయంతో లోపల పోస్టు పెడితే వేరు ఇంకా పలుచనవుతుంది.

మీ పన్ను ఆకారం చెడకుండా రంగు మాత్రమే మారి ఉంటే, లోపలి నుంచి తెల్లబరిచే పద్ధతి ఒకటి ఉంది. వెనుకవైపు పాత దారి తెరిచి, వేరులో నింపిన పదార్థం మీద గట్టి సిమెంటు అడ్డుకట్ట వేసి, లోపల సోడియం పర్‌బోరేట్ ముద్ద ఉంచి మూసేస్తారు. వారానికోసారి చొప్పున కొన్ని మార్పులలో చాలా పళ్ళు పక్క పళ్ళ రంగుకు దగ్గరవుతాయి. ఖర్చు క్యాప్‌లో చిన్న భాగమే. దెబ్బ తగిలిన పళ్ళలో వేరు మెడ దగ్గర లోపలికి కరిగిపోయే అరుదైన ప్రమాదం ఒకటి ఉంది కనుక అడ్డుకట్ట తప్పనిసరి, గాఢమైన పెరాక్సైడును వేడి చేసి వాడే పాత పద్ధతి వద్దు, తరువాత ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకోవాలి. కొన్నేళ్ళకు రంగు కొంత వెనక్కి రావచ్చు, అప్పుడు మళ్ళీ చేయవచ్చు. పన్ను ఒకసారి చెక్కాక మళ్ళీ రాదు.

పన్ను అంచు విరిగి, లోపల పెద్ద సిమెంటు ఉండి, క్యాప్ తప్పదని వైద్యుడు చూపిస్తే అప్పుడు రంగే నిర్ణయిస్తుంది. అందమైన సెరామిక్ అంటే కాంతిని లోపలికి పోనిచ్చేది. కాంతి లోపలికి పోతే కింద ఉన్న నల్లని మొదలు (చెక్కగా మిగిలిన పన్ను) బయటికి కనిపిస్తుంది. మామూలు పారదర్శక ఈమాక్స్ క్యాప్‌ను నల్లబడ్డ పన్ను మీద పెడితే కొత్త క్యాప్ కూడా బూడిదరంగులోనే ఉంటుంది, ఆ తరువాత రోగి, వైద్యుడు, ల్యాబ్ ఒకరినొకరు నిందించుకుంటారు. ముందుగా లోపలి నుంచి తెల్లబరిచి ఆ తరువాత క్యాప్ వేయడం ఒక మార్గం. కాంతి చొరని లిథియం డైసిలికేట్ చట్రం గానీ తెల్లని జిర్కోనియా చట్రం గానీ పెట్టి, పైన చేతితో సెరామిక్ పొరలు వేయడం రెండో మార్గం. పెచ్చులూడుతుందని పైన నేను నిందించిన పొర ఇక్కడ న్యాయమైనదే, ఎందుకంటే ముందు పన్ను మీద బలం తక్కువ, అందం ఎక్కువ అవసరం. అయినా మీకు కొరికే అలవాటు ఉంది కనుక పళ్ళు తగిలే వెనుక భాగంలో పొర లేకుండా, కనిపించే ముందు భాగంలో మాత్రమే పొర వేయమని ల్యాబ్‌కు రాయవచ్చు. ఒక్క ముందు పన్నును పక్క పన్నుతో కలపడం మా పనిలో అన్నిటికన్నా కష్టమైనది. షేడ్ చూసేటప్పుడు పగటి వెలుతురులో, లిప్‌స్టిక్ తుడిచి, పళ్ళు నోటి గాలికి ఆరకముందే చూడాలి, ఎందుకంటే ఆరిన ఎనామిల్ నిజం కన్నా తెల్లగా కనిపిస్తుంది. చెక్కిన మొదలు రంగు ఫోటో కూడా ల్యాబ్‌కు పంపాలి, చాలామంది ఇది మరిచిపోతారు.

మీది నల్గొండ వైపు గానీ, ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి, పొదిలి ప్రాంతం గానీ అయితే పక్క పళ్ళ మీద ఫ్లోరైడ్ మచ్చలు ఉండవచ్చు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్య పత్రికలో నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. అలాంటి నోట్లో మచ్చలేని తెల్లని క్యాప్ ఒక్కటే పెడితే అదే ఎబ్బెట్టుగా కనిపిస్తుంది, నేర్పున్న టెక్నీషియన్ క్యాప్‌లోనూ ఆ మబ్బు చారలను తెస్తాడు. పెళ్ళి కుదిరిందని పాతికేళ్ళ పిల్లలకు ఈ మచ్చల కోసం ఆరు ముందు పళ్ళూ చెక్కి క్యాపులు వేయడం ఇప్పటికీ జరుగుతున్నది. దానికన్నా పై పొరను కొద్దిగా రుద్ది తెల్లబరచడమో, మరీ అవసరమైతే వెనీర్లు వేయడమో ఎంతో నయం.

వారంటీ విషయం కొంచెం కటువుగా చెప్పాల్సి వస్తుంది. ఆ కార్డు ఇచ్చేది ల్యాబ్ గానీ పదార్థం తయారు చేసిన సంస్థ గానీ. సాధారణంగా అది హామీ ఇచ్చేది క్యాప్ పగిలితే కొత్త క్యాప్ చేసిస్తామని మాత్రమే. క్యాప్ అంచు కింద పుచ్చు పడితే, సిమెంటు వదిలితే, వేరు చీలితే, రూట్ కెనాల్ మళ్ళీ చెడితే అది వర్తించదు. పొర లేని జిర్కోనియా పగలడం అరుదు, క్యాపులు ఎక్కువగా విఫలమయ్యేది ఈ మిగతా కారణాలతోనే. అంటే జరిగే అవకాశం తక్కువున్న దానికి హామీ ఇస్తున్నారు, అందుకే 15 ఏళ్ళైనా ధైర్యంగా రాయగలుగుతున్నారు. కార్డు పనికిరానిదని నేను అనను. క్యాప్ చెక్కడానికి వాడే జిర్కోనియా డిస్కు ఏ సంస్థదో, ఏ బ్యాచ్‌దో ఆధారం దొరుకుతుంది, నకిలీ సరుకు కాదన్న నమ్మకం ఉంటుంది. కానీ ఒకే ల్యాబ్‌లో, ఒకే మర మీద, ఒకే టెక్నీషియన్ చేతిలో తయారయ్యే రెండు క్యాపుల మధ్య తేడా డిస్కు ధర ఒక్కటే అయితే, రెట్టింపు చెల్లించడంలో అర్థం కనిపించదు. ఆ డబ్బును మంచి స్కాన్, మంచి ల్యాబ్ ఉన్న చోటికి మళ్ళించండి. జిర్కోనియాను సుద్దలా మెత్తగా ఉన్నప్పుడే కావలసిన కొలతకన్నా 20 నుంచి 25 శాతం పెద్దదిగా చెక్కి, 1500 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కొలిమిలో కాల్చి కుదిస్తారు. కొలిమి సరిగా లేకపోయినా, తొందరపడి కాల్చినా పేరున్న డిస్కు కూడా చెడుతుంది.

సిమెంటు గురించి రోగులు ఎవరూ అడగరు, అడగాలి. గ్లాస్ సెరామిక్ లోపలి భాగాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేసి, సైలేన్ అనే పట్టు పెంచే ద్రవం పూసి, రెసిన్ సిమెంటుతో అతికిస్తే అది పన్నుతో ఏకమై బలం పుంజుకుంటుంది. జిర్కోనియాలో గాజు లేదు కనుక ఆ ఆమ్లం పనిచేయదు. సన్నని అల్యూమినా పొడితో కొట్టి, ఎండీపీ అనే అణువు ఉన్న ప్రైమరు గానీ సిమెంటు గానీ వాడాలి. నోట్లో పెట్టి చూసినప్పుడు లాలాజలంలోని ఫాస్ఫేటు జిర్కోనియాకు అంటుకుని ఆ పట్టును చెడగొడుతుంది కాబట్టి అతికించే ముందు మళ్ళీ శుభ్రం చేయాలి. జిర్కోనియా క్యాప్ ఊడి వచ్చిందని నా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి క్యాప్‌లో లోపం ఉండదు, ఈ మెట్లలో ఒకటి తప్పి ఉంటుంది, లేదా మొదలు మరీ పొట్టిగా ఉంటుంది. మీ పన్ను గోడలు 4 మిల్లీమీటర్లకు మించి నిటారుగా ఉంటే మామూలు గ్లాస్ అయనోమర్ రకం సిమెంటు కూడా చాలు. పొట్టిగా ఉంటే ఈ జాగ్రత్తలన్నీ కావాలి.

క్యాప్ పెట్టే రోజున మీరు గమనించదగినవి కొన్ని ఉన్నాయి. అతికించక ముందు నోట్లో పెట్టి చూసినప్పుడు పక్క పళ్ళ మధ్య దంతపు దారం బిగువుగా, కానీ తెగకుండా దిగాలి. వదులుగా జారితే అక్కడ పీచు, మాంసం ఇరుక్కుని ఏడాదిలో పక్క పన్నుకు పుచ్చు వస్తుంది. అంచు దగ్గర సన్నని కొక్కెంతో గీస్తే మెట్టులా తగలకూడదు. ఒక ఎక్స్‌రే తీసి అంచు కూర్చున్నదో లేదో చూడమనండి. రంగు కాగితం పెట్టి కొరికించినప్పుడు రెండు వైపులా పళ్ళు ఒకేసారి తగలాలి, కొత్త క్యాప్ ముందుగా తగులుతోందని మీకు అనిపిస్తే ‘కొన్ని రోజులకు అలవాటవుతుంది’ అన్న మాటకు ఒప్పుకోవద్దు. నరం తీసేసిన పన్నుకైనా వేరు చుట్టూ ఉన్న కణజాలం వల్ల ఎత్తు తెలుస్తుంది, ఎత్తును సరిచేయకుండా వదిలేస్తే కొరికినప్పుడు నొప్పి రావచ్చు. సెలవుల్లో అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి వచ్చి రెండు వారాల్లో అన్నీ ముగించుకుని వెళ్ళేవారు కనీసం చివరి నాలుగైదు రోజులు ఈ సరిచూపుకు అట్టిపెట్టుకోవాలి.

మీ విషయంలో క్రమం ఇలా పెట్టుకోండి. ముందు దవడ పన్ను, అదీ త్వరగా. తాత్కాలిక సిమెంటు 3 వారాలు దాటితే అంచుల్లో లాలాజలం దిగడం మొదలవుతుంది, రూట్ కెనాల్ మళ్ళీ చేయవలసి రావచ్చు. ఈ వారంలో క్యాప్‌కు డబ్బు సర్దుబాటు కాకపోతే కనీసం శాశ్వత సిమెంటుతో లోపల కట్టించి, పై మొనలు కొద్దిగా తగ్గించమనండి, అంతవరకు ఆ వైపు నమలవద్దు. ముందు పన్ను ఎన్నో ఏళ్ళుగా అలాగే ఉంది, ఇంకో నెల ఆగగలదు. తెల్లబరచడం ప్రయత్నించి చూశాకే క్యాప్ మాట ఎత్తండి. నిద్రలో కొరికే అలవాటుకు రాత్రిపూట పెట్టుకునే గట్టి అక్రిలిక్ నైట్ గార్డ్ తప్పక చేయించుకోండి, కానీ దాని కొలతను రెండు పళ్ళ పనీ పూర్తయ్యాకే ఇవ్వండి. ముందే చేయిస్తే కొత్త క్యాప్ మీద అది కూర్చోదు, మళ్ళీ చేయించుకోవలసి వస్తుంది.